వదినగారికి ఊరు చూపించిన పద్దెనిమిది రోజులు

సావో పావులో,
9 ఏప్రిల్ 1988

ఫోస్కా,

తమ్ముడు ఈవో పక్కనే ఉంటే ఈ ఉత్తరం పైకి చదివి వినిపించు. వాడు కళ్ళజోడు ఎక్కడో పెట్టి మర్చిపోయే ఉంటాడు.

నేను వస్తున్నాను. ఆగస్టు ఇరవై తొమ్మిదిన దిగి, సెప్టెంబరు పదిహేనున బయల్దేరతాను. లుక్కా వదిలిన ఈ ముప్పై మూడేళ్ళలో రెండుసార్లే వచ్చాను, నాన్న పోయినప్పుడొకసారి, అమ్మ పోయినప్పుడొకసారి. ఈసారి ఎవరూ పోకుండా వస్తున్నాను కాబట్టి ఊరు చూడాలని ఉంది. నవ్వకు. ఇరవై ఎనిమిదేళ్ళు అక్కడే పెరిగాను, నిజమే. కానీ చూసిందేముంది? ఇంట్లోంచి చెప్పుల దుకాణానికి, దుకాణంలోంచి ఇంటికి. ఊళ్ళోకి వచ్చినవాళ్ళందరూ తలెత్తి చూసే బురుజు కిందనుంచి నేను తల వంచుకుని చెప్పుల పెట్టెలు మోసుకెళ్ళేదాన్ని. మా వీధి పళ్ళ డాక్టరు మొన్న లుక్కా చూసొచ్చి, "ఎలీదెగారూ, ఆ బురుజు నెత్తిమీద చెట్లు ఎంత బాగున్నాయండీ!" అన్నాడు. నేనెప్పుడూ ఎక్కలేదని చెప్పడానికి సిగ్గేసి, "ఈపాటికి ఇంకా పెరిగుంటాయి" అన్నాను.

అందుకని ఏమేం చూడాలో, ఏది ముందో ఏది వెనకో నువ్వే రాయి. మన ఇంట్లో పద్ధతి తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే.

ఇంకో మాట. ఇల్లు. అమ్మ పోయి తొమ్మిదేళ్ళయినా ఇంకా సగం నా పేర, సగం తమ్ముడి పేర అలాగే పడి ఉంది. ఆ సంగతి తేల్చేయాలి. ఉత్తరాల్లో వద్దు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

అరవై ఒకటి వచ్చినా నోరు తగ్గని మీ వదిన,
ఎలీదె


లుక్కా,
3 మే 1988

గౌరవనీయులైన వదినగారికి,

మీ ఉత్తరం ఏప్రిల్ 27 బుధవారం ఉదయం పదిన్నరకి అందింది. ఆరోజు జీతమ్మ పండుగ. పనిమనుషుల పునీతురాలు కదా, పూలు తీసుకుని సాన్ ఫ్రెదియానో గుడికి వెళ్ళొచ్చాను. చెడిపోని ఆ దేహం గాజుపెట్టెలో ఏడువందల ఏళ్ళుగా హాయిగా పడుకునే ఉంది. ఇంటిపని చేసినవాళ్ళలో అంత విశ్రాంతి దొరికింది ఆవిడకొక్కదానికే.

మీరు వస్తున్నారని తెలిసి మాకు చాలా సంతోషం. మీ తమ్ముడు ఆ చివరి పేరా మూడుసార్లు చదివించుకుని, "అక్క ఇల్లు అమ్మేద్దామంటుందేమో. ఈ వయసులో మనల్ని ఎక్కడికి పొమ్మంటుంది?" అన్నారు. నేను గట్టిగా కోప్పడ్డాను. "మీ అక్క అలాంటి మనిషా? పైకప్పు గురించి ఏదైనా అడుగుతుందేమో" అన్నాను. నేను ఈ ఇంట్లో కాలు పెట్టి ముప్పై ఒక్కేళ్ళయింది, ఎప్పుడూ ఎవరితోనూ ఇంటి గురించి మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

నిజం చెప్పాలంటే మాట్లాడేందుకు ఇందులో ఏమీ మిగల్లేదు కూడా. మెట్లు డెబ్బై రెండు. ఉత్తరపు గోడకి చెమ్మ. వంటింటి గొట్టాలు మూలుగుతాయి. వీధివైపు మీ పాత గది సంగతి అడక్కండి, కిటికీ చట్రం కుళ్ళిపోయి తలుపు తెరుచుకోవడం మానేసింది. ఈ కొంపని ఎవరైనా చూస్తే జాలిపడతారు తప్ప మనసుపడరు. అందుకే మీకు కన్యాస్త్రీల మఠంలో గది మాట్లాడాను. ఎండ బాగా వస్తుంది, మెట్లు లేవు, రాత్రి పదికి తలుపులు మూస్తారు.

ఊరు చూడడం గురించి మీరు బెంగ పెట్టుకోకండి. పద్దెనిమిది రోజులంటే తక్కువే. నేను ఇవాళే కాగితం గీసి పెట్టాను. మొదటిరోజు ప్రయాణపు అలసట ఉంటుంది కాబట్టి తేలిగ్గా, కోటగోడ చుట్టూ ఒక్కసారి నడిస్తే చాలు. నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. నా అడుగుల్లో ఆరువేల మూడువందలు.

మీ రాకకోసం ఎదురుచూసే,
ఫోస్కా


సావో పావులో,
28 మే 1988

నా కోటగోడ మరదలా,

అలసట తీరడానికి ఆరువేల అడుగులా! మీ పెళ్ళిలో నేను లేకపోవడం తమ్ముడికి నష్టం, ఉంటే ముందే హెచ్చరించేదాన్ని.

మఠంలో గది అన్నావు, సరే. చిన్నప్పుడు అదే మఠం పెరట్లో అత్తిపళ్ళు దొంగిలించి దెబ్బలు తిన్నాను. ఇప్పుడు ముందు గుమ్మంలోంచి లోపలికి పోతాను.

ఇల్లు అంత పాడైందని ఒక్కసారి కూడా రాయలేదేం? ప్రతి క్రిస్మస్‌కీ "అంతా కుశలం" అని రాస్తావు. గోడలు చెమ్మెక్కి గొట్టాలు మూలుగుతుంటే కుశలం ఎలాగమ్మా? నేను చెప్పాలనుకున్న సంగతి ఇప్పుడు ఇంకా ముఖ్యమనిపిస్తోంది.

నాకు రెండు కోరికలు. మొదటిది, సెప్టెంబరు పదమూడు సాయంత్రం దీపాల పండుగకి నా పాత గది కిటికీ చుట్టూ గాజుగిన్నెలు నా చేత్తో పెట్టి వెలిగించాలి. నాన్న నిచ్చెన పట్టుకునేవాడు, నేను వత్తులు వెలిగించేదాన్ని, తమ్ముడు వేలు కాల్చుకుని ఏడ్చేవాడు. ఆ చట్రం ఎలాగోలా బాగుచేయించు. రెండోది, నీ కాగితంలో ఒక్క ఉదయం ఖాళీగా ఉంచు. మీ ఇద్దర్నీ ఒక చోటికి తీసుకెళ్ళాలి. ఎక్కడికని ఇప్పుడు చెప్పను.

ప్రేమతో,
పళ్ళ దొంగ ఎలీదె


లుక్కా,
24 జూన్ 1988

వదినగారికి నమస్కారాలు.

ఒక్క ఉదయం ఖాళీ ఉంచమన్నారు. నేను కాగితం కిందకీ మీదకీ నాలుగుసార్లు చూశాను. వీలుపడడం లేదు. ఎందుకో మీరే చూడండి.

బురుజు మెట్లు రెండువందల ముప్పైకి పైగా ఉన్నాయి, ఎండ ముదరకముందే ఎక్కాలి. అది గురువారం ఉదయం. ఎంతసేపు పడుతుందో తెలియాలి కదా అని మొన్న నేనే ఎక్కి చూశాను. మీకు మాత్రం చెబుతున్నాను, నేను ఎక్కడం కూడా అదే మొదటిసారి. మధ్యలో మూడుసార్లు ఆగి ఇరవై రెండు నిమిషాల్లో పైకి చేరాను. ఓక్ చెట్ల కింద నిలబడి మన పైకప్పు ఎక్కడుందో వెతుకుతుంటే కాపలా అతను, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగాడు. నాకు ఒళ్ళు మండింది.

పెద్దగుడిలో ఇలారియా సమాధి ఉదయం వెలుగులోనే బాగుంటుంది. పాలరాతిలో చెక్కిన ఆమె కాళ్ళ దగ్గర కుక్క ముఖం అప్పుడే తెలుస్తుంది. దానికొక రోజు. గుడి ముందు స్తంభం మీద చెక్కిన చిక్కుదారిని వేలితో చివరిదాకా వెతకాలి, తొందరపడితే కుదరదు. దానికి ఆ మర్నాడు. దయ్యం వంతెనకి బస్సు ఏడుంబావుకే. స్నానాల బుగ్గకి ఎనిమిదింటికి. వియారెజ్జో సముద్రానికి వెళ్ళేరోజు రైలు ఏడు నలభైకి. పాత రంగస్థలపు గుండ్రటి చౌకు చుట్టూ తిరగడానికి ఒక పూట, దాని నాలుగు ద్వారాల్లోంచి వరసగా లోపలికీ బయటికీ వెళ్ళి చూడడానికి ఇంకో పూట. సోమవారాలు మ్యూజియాలు మూసేస్తారు కాబట్టి ఆ రోజుల్లో మళ్ళీ కోటగోడ. భోజనం ఇంటికి వచ్చి తినాలంటే ఆ డెబ్బై రెండు మెట్లూ మీ మోకాళ్ళకి మంచివి కావు. ఫారో గింజల చారు ప్లాస్కులో, సోంపు వేసిన బుచ్చెల్లాతో రొట్టె సంచిలో పెట్టుకుని గోడ మీద చెట్టుకింద కూర్చుందాం. ఆదివారాలు రెండూ మాత్రం మా ఇంట్లోనే.

పదమూడో తారీఖు గురించి. కిటికీ కుదరదు వదినా. వడ్రంగి చూసి, ముట్టుకుంటే వీధిలో జనం నెత్తిన పడుతుందన్నాడు. అయినా మీరు కిటికీ దగ్గర నిలబడడం ఎందుకు? విదేశాల్లో స్థిరపడ్డ లుక్కావాళ్ళకి ఆ సాయంత్రపు ఊరేగింపులో ప్రత్యేకంగా ఒక వరుస ఉంటుంది, మీ పేరు అందులో రాయించాను. ముందు జెండా ఉంటుంది. అంత దూరం నుంచి వచ్చిన అతిథికి దక్కాల్సిన గౌరవం అది.

మీ తమ్ముడు, "ఆ ఒక్క ఉదయం ఎక్కడికి తీసుకెళ్తుందంటావు?" అని అడుగుతూనే ఉన్నారు. నోటరీ దగ్గరికేమోనని ఆయన అనుమానం. ఎంత పిచ్చి ఆలోచనో చూడండి.

విధేయురాలు,
ఫోస్కా


సావో పావులో,
20 జులై 1988

ఫోస్కా,

నాలుగు ద్వారాల్లోంచి లోపలికీ బయటికీ వెళ్ళాలా? ఆ చౌకులో మేం దాగుడుమూతలు ఆడేవాళ్ళం, నలభై లెక్కపెట్టేలోగా నాలుగూ తిరిగేవాళ్ళం. సరే, నీ ఊరు, నీ ఇష్టం.

అవునూ, అతిథి అన్నావు. ఆ మాట దగ్గర కాసేపు ఆగాను. పర్లేదు, తప్పేం లేదు. నేను వెళ్ళాకే కదా నువ్వు వచ్చావు.

నీ ఉత్తరం చదివి రెండు రాత్రులు ఆలోచించాను. కిటికీ ముట్టుకుంటే జనం నెత్తిన పడే ఇంట్లో నువ్వూ వాడూ ఎలా ఉంటున్నారు? నీకు ఆ ఇంటి మీద విసుగొచ్చిందని ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది, పైకి చెప్పలేకపోతున్నావంతే. నేను ఒకటి అనుకుని ఉన్నాను. మీకు సంతోషంగా ఉంటుందనుకున్నాను. ఇప్పుడు అది మంచిపనో కాదో తెలియడం లేదు. అంత శిథిలమైన ఇంటిని ఒకరి నెత్తిన పెట్టడం ఏం న్యాయం? వచ్చాక చూద్దాం.

గట్టి చెప్పులు కొన్నాను.

ఎలీదె


లుక్కా,
26 సెప్టెంబరు 1988

వదినగారికి,

మీరు క్షేమంగా చేరారని టెలిగ్రాం వచ్చింది. మీ నీలం శాలువా కన్యాస్త్రీల దగ్గర ఉండిపోయింది, ఉతికి ఇస్త్రీ చేసి ఉంచాను.

పద్దెనిమిది రోజులు ఎలా గడిచాయో తెలియలేదు. కాగితంలో రాసినవన్నీ పూర్తయ్యాయి, ఒక్క వాన పడ్డ మధ్యాహ్నం తప్ప. ఇలారియా సమాధి దగ్గర ఇరవై నిమిషాలు అనుకుంటే మీరు గంటా పది నిమిషాలు కూర్చున్నారు, ఆ పూట కాస్త అటూ ఇటూ అయింది. రెండో సోమవారం అరుగు మీద కూలబడ్డ నన్ను మీరు లేపి మరీ "పద, గోడ ఎక్కుదాం" అన్నప్పుడు నా మడమలు ఏమన్నాయో మీకు చెప్పలేదు. ఇప్పుడు ఉప్పునీళ్ళలో పెట్టుకుని కూర్చునే ఇది రాస్తున్నాను.

ఆదివారం భోజనాలప్పుడు మీ గది తలుపు వేసి ఉన్నందుకు ఏమీ అనుకోలేదు కదా? నేలకి మైనం పట్టించాను, కాలు జారుతుందని.

రెండో అంతస్తు డెర్నా నోరు మీకు తెలిసిందే. మెట్లమీద ఆపి, "ఫోస్కా, ఆడపడుచుకి ఊరు బాగా చూపించావట. ఊళ్ళో అన్ని గడపలూ ఎక్కించి సొంత గది గడప మాత్రం తొక్కనివ్వలేదట!" అంది. "ఆవిడ ఊరు చూడ్డానికే వచ్చింది, నీ మొహం చూడ్డానికి కాదు" అన్నాను. మర్యాదగానే అన్నాను.

ఇంటి సంగతి ఏదో మాట్లాడాలని మొదట్లో రాశారు. ఇక్కడ ఉన్నన్నాళ్ళూ ఎత్తలేదు కాబట్టి అది అంత ముఖ్యం కాదని మేం అనుకున్నాం. మీ తమ్ముడు ఇప్పుడు రాత్రుళ్ళు నిద్రపోతున్నారు. శీతాకాలం వస్తోంది, మేమూ కిటికీలు మూసుకుంటాం.

మీ మేలు కోరే,
ఫోస్కా


సావో పావులో,
20 అక్టోబరు 1988

ఫోస్కా, మరదలా,

ఎత్తలేదా? నేను ఎత్తినప్పుడల్లా నువ్వు ఏదో ఒక గోడ వైపు వేలు చూపించి "పన్నెండో శతాబ్దం" అన్నావు. గుర్తుచేసుకో. బురుజు మీద, "ఫోస్కా, ఆ ఇల్లు" అన్నాను. "అదిగో కొండలు" అన్నావు. సముద్రం దగ్గర, "ఈవో, అమ్మ పోయినప్పుడు" అని మొదలుపెట్టాను. వాడి నోట్లో రొట్టె కుక్కావు.

నేను వచ్చిన పని ఇప్పుడు చెబుతాను, విను. నా సగం తమ్ముడికి రాసిచ్చేద్దామని వచ్చాను. ఊరికే, దానంగా. ఏప్రిల్ నుంచీ మనసులో ఉన్నది అదే. నేను పనిచేసిన చెప్పుల దుకాణం పక్కసందులో ఉండే నోటరీకి ఇక్కడినుంచే ఉత్తరం రాసి కాగితాలు తయారుచేయించాను. దానం చెల్లాలంటే ఇచ్చే మనిషీ పుచ్చుకునే మనిషీ ఆయన ఎదురుగా కూర్చుని సంతకాలు పెట్టాలట, ఉదయంపూటే. సెప్టెంబరు ఒకటి అన్నాను. ఆరోజు బురుజు. ఏడు అన్నాను. దయ్యం వంతెన. పన్నెండు అన్నాను. కోటగోడ. మూడోసారి వాయిదా అడగడానికి వెళ్తే ఆ పెద్దమనిషి కళ్ళజోడు తీసి, "అమ్మా, ఇల్లు ఇస్తానంటే తప్పించుకు తిరిగే తమ్ముణ్ణి నా నలభై ఏళ్ళ వృత్తిలో చూడలేదు" అన్నాడు.

అయినా నీ మీద కోపం లేదు. కారణం చెబుతాను.

పదమూడో తారీఖు సాయంత్రం జెండా వెనక, బ్యూనస్ ఐరిస్‌నుంచి వచ్చిన ఒక లావుపాటాయన పక్కన నన్ను నిలబెట్టారు. చీకటి పడింది. ఊరేగింపు మన ఫిల్లుంగో వీధిలోకి తిరిగింది. ఇరవై ఎనిమిదేళ్ళూ ఆ సాయంత్రం నేను కిటికీ లోపలే ఉన్నాను, గాలికి ఆరిన వత్తులు మళ్ళీ వెలిగించడం నా పని. దీపాలు పెట్టిన మన ఇల్లు వీధిలోంచి ఎలా కనిపిస్తుందో జన్మలో చూడలేదు. నువ్వు నన్ను అతిథుల వరుసలో పెట్టకపోతే ఇప్పటికీ చూసేదాన్ని కాదు. తలెత్తాను. వీధి వీధంతా కిటికీ పక్కన కిటికీ మెరుస్తోంది. మన అంతస్తులో నాలుగు కిటికీలు వెలుగుతున్నాయి. అయిదోది నల్లగా ఉంది. పక్కాయన, "అదెవరి కొంపండీ, ముందు పన్ను ఊడినట్టుంది?" అని నవ్వాడు.

"నాదే" అన్నాను.

అన్నాక నాకే ఆశ్చర్యమేసింది. ఇచ్చేద్దామని వచ్చిన మనిషిని కదా. పెద్దగుడి దాకా నడుస్తూ అదే ఆలోచించాను. ఆ శిథిలాన్ని మీ పేర రాసేసి, చెమ్మా గొట్టాలూ కుళ్ళిన చట్రమూ మీ నెత్తిన పెట్టి, విమానం ఎక్కి చేతులు దులుపుకుంటే నేను మనిషినా? నువ్వు అన్నన్ని కష్టాలు రాశావు, నేను దానం అని మురిసిపోతూ వచ్చాను. సిగ్గేసింది.

ఇంకొకటి. పద్దెనిమిది రోజులు నువ్వు నాకు ఊరు చూపించావు. పుట్టిన ఊరు బాగుంటుందని అరవై ఒక్కేళ్ళకి తెలిసింది. ఇక్కడ మా ఆయన ఆర్మాందో పోయి రెండేళ్ళయింది, మా అమ్మాయి సాంతోస్‌లో తన పనుల్లో తను. నాకోసం ఉదయం ఏడుంబావుకి బస్సు దగ్గర నిలబడే మనిషి ఇక్కడ ఎవరున్నారు?

కాబట్టి నా సగం నా దగ్గరే ఉంచుకుంటున్నాను. మార్చిలో వచ్చేస్తున్నాను, ఉండడానికి. మఠం వద్దు. నా గదిలోనే ఉంటాను. చట్రం నేనొచ్చి చేయిస్తాను. మీరిద్దరూ ఇన్నేళ్ళు ఒంటరిగా పడ్డ బాధలో సగం నేను పంచుకుంటాను.

ఇక అతిథి కాని,
ఎలీదె


లుక్కా,
14 నవంబరు 1988

వదినా,

మీ ఉత్తరం పైకి చదవడం మొదలుపెట్టాను. "దానంగా" అన్నచోట ఆపేశాను. మీ తమ్ముడు కళ్ళజోడు వెతుక్కుని తెచ్చుకుని మిగతాది తనే చదువుకున్నారు. చదివి కాగితం మడిచి, "ఫోస్కా, సెప్టెంబరు ఒకటిన మనం ఎక్కడున్నాం?" అని అడిగారు. "బురుజు మీద" అన్నాను. "వాతావరణం బాగుందా?" అన్నారు. ఆయన అంతకన్నా ఎక్కువ తిట్టరు. నాలుగు రోజులు ఎవరు పలకరించినా వాతావరణం గురించే మాట్లాడారు.

మీరు నిజం రాశారు కాబట్టి నేనూ రాస్తాను. ఆయన అన్నారని రాసినవన్నీ నేను అన్నవే. అమ్మేస్తారని భయపడిందీ, నోటరీ దగ్గరికని పసిగట్టిందీ నేనే. ఆయన మొదటి ఉత్తరం విన్నప్పుడు "అక్క వస్తోందట!" అని మాత్రమే అన్నారు. చెమ్మ ఉంది, కానీ ఉత్తరపు గోడకి ఒక చెయ్యంత మేర. గొట్టాలు మూలగవు, ఆదివారాలు మిమ్మల్ని బల్ల దగ్గర్నుంచి లేవనివ్వనిది అందుకే. కిటికీ చట్రం ఓక్ చెక్క, మీ నాన్నగారు పెట్టించింది, మనందరికన్నా గట్టిగా ఉంది. ఆ సాయంత్రం దానికి పెట్టే గిన్నెలు, వత్తులు అన్నీ తుడిచి సిద్ధం చేసుకుని, మీకు రాసింది గుర్తొచ్చి మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. నాలుగు వెలిగించి అయిదోదాని ముందు చీకట్లో కూర్చున్నాను. కింద మీరు తలెత్తడం చూశాను. మీరు నన్ను చూడలేదు.

నేలకి మైనం కూడా అబద్ధమే. ఆ గదిలో నా కుట్టుమిషను ఉండేది. పెళ్ళయి వచ్చిన రెండో నెలలో, మీరు ఖాళీ చేసి వెళ్ళారు కదా అని, అత్తగారు నన్ను అక్కడ పెట్టుకోమన్నారు. మిగతా ఇల్లంతా ఆవిడది, తర్వాత ఈయనది. ఆ నాలుగు గోడలూ నావి అనుకున్నాను. సగం మీవని కాగితాల్లో ఉంటుందని తెలుసు. ఏ సగమో కాగితాల్లో ఉండదు కదా.

ఆ దానపు కాగితాలు ఇంకా నోటరీ దగ్గరే ఉన్నాయా అని అడుగుతూ ఇక్కడ ఒక వాక్యం రాసి కొట్టేశాను. కింద గీతలు కనిపిస్తే అదే.

ఇక మీ ఇష్టం. ఇల్లు శిథిలమని జాలిపడి వచ్చేట్టయితే రానక్కర్లేదు, శుభ్రంగా ఉంది. అది తెలిసీ వస్తానంటే, శుక్రవారం మేమిద్దరం మిషను పట్టుకుని వంటింట్లోకి జరిపాం. తలుపు దగ్గర ఇరుక్కుంటే డెర్నా వచ్చి ఒక పక్క పట్టింది, నోరు మాత్రం మూయలేదు. ఇప్పుడు భోజనాల బల్లకి చోటు లేదు. కొత్తది చేయించాలి, గోడకి ఆనేట్టు, సన్నగా. నిన్న వడ్రంగి వచ్చి కొలతలు తీసుకుని, పెన్సిల్ చెవిలో పెట్టుకుని, "ఎంతమందికమ్మా?" అని అడిగాడు.

బల్ల రెండు వారాల్లో చేసిస్తాడట. "ముగ్గురికి" అని చెప్పడానికి నాకు ఇంచుమించు పది నిమిషాలు పట్టింది.

ఫోస్కా